ఏటవాలు మంచు

"సీసాలో మందు బతికుందో లేదో తెలియకుండా ఆ పిల్ల మోకాలికి సూది ఎలా వెయ్యను మాస్టారూ?" అంది డాక్టరమ్మ, కుర్చీ అంచున కూర్చుని.

ఆమె చెప్పేది డిటెక్టివ్ మాస్టారికి సాయంగా ఉండే నర్సమ్మ రాసుకుంటోంది; మాస్టారి దగ్గర చేరకముందు ఆమె ఇరవయ్యేళ్ళు ఆసుపత్రిలో పనిచేసింది.

ఓ గోల్‌కీపరు పిల్లకి మోకాలి లిగమెంటు తెగింది. కుట్టినా అతకలేదు. అతుకుని గట్టిపరిచే జన్యువుని హానిచెయ్యని వైరస్‌లో పెట్టి రేపు ఎక్కించాలి. అదీ ఒక్కసారే. తర్వాత ఒళ్ళు ఆ వైరస్‌ని గుర్తుపట్టి మళ్ళీ రానివ్వదు. అలాంటిది, ఫ్రీజర్లో ఆ పిల్ల సీసా లేబుల్, ఎవరో కదిపినట్టు, గోడవైపుకి తిరిగి కనిపించింది.

తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి: డాక్టరమ్మ, టెక్నీషియన్ పెద్దాయన.

"గ్లౌజుల్లేకుండా ముట్టుకోకండమ్మా, చర్మం ఊడొస్తుంది!" అని పెద్దాయన నర్సమ్మని కసిరి, ఫ్రీజర్ తెరిచాడు. ఒక్కో రోగికి ఒక్కో సీసా చొప్పున, అన్నీ స్టాండులో నిటారుగా ఉన్నాయి. అన్నింటిలో మంచు చదునుగా ఉంది. ఆ పిల్ల సీసాలో మాత్రం ఏటవాలుగా ఉంది. మాస్టారు వంగి ఆ మంచునే చూశాడు. టీ వచ్చాక పెద్దాయన గ్లౌజులు తీసి, కప్పు ఎడంచేత్తో అందుకున్నాడు. కుడిచేతి వేళ్ళు రెండు తెల్లగా పాలిపోయి ఉండటం నర్సమ్మ చూసింది. మాస్టారి చెవిన వేసింది.

సాయంత్రం మాస్టారు అందర్నీ కూర్చోబెట్టాడు. గోల్‌కీపరు చంకకర్రల మీద వచ్చింది.

"నిటారుగా గడ్డకడితే మంచు చదునుగా ఉంటుంది. ఈ సీసా బయటికెళ్ళి, కరిగి, తిరిగొచ్చింది. ఒకసారి కరిగితే అందులో మందు చచ్చినట్టే. కంగారులో ఫ్రీజర్ మూలకి ఆనించారు. గట్టిపడ్డాక స్టాండులో పెట్టారు. దారిలో సీసా చుట్టూ పెట్టే డ్రై ఐస్‌ని వట్టిచేత్తో పట్టుకున్నారు. ఆ వేళ్ళు నర్సమ్మ చూసింది, పెద్దాయనా."

పెద్దాయన చెయ్యి దాచుకోలేదు.

"బస్సులో ఫ్లాస్కు బోర్లాపడి డ్రై ఐస్ ఒలికిపోయింది బాబూ. మా అమ్మాయికీ ఇదే గాయం. దెబ్బ తగిలి ఆర్నెల్లు దాటిందని ఈ చికిత్సకి తీసుకోలేదు. ఇంట్లో సూది పట్టుకున్నాను. 'డాక్టరమ్మే పంపిందా నాన్నా?' అంది. అబద్ధం నోట రాలేదు. వెనక్కి తెచ్చేశాను."

"తెచ్చి నోరు మూసుకున్నావు!" నర్సమ్మకి ఒళ్ళు మండింది. "రేపు ఆ చచ్చిన మందే ఈ పిల్లకి ఎక్కేది. ఇంక ఈ జన్మలో రెండోసారి లేదు!"

"ఉద్యోగం పోతుందని భయపడ్డానమ్మా."

గోల్‌కీపరు డాక్టరమ్మ వైపు తిరిగింది. "కొత్త సీసా ఎప్పుడొస్తుంది?"

"నాలుగు నెలలు పడుతుంది."

"దెబ్బ తగిలి నాకిప్పటికే మూడయ్యాయి." ఆ పిల్ల వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఆర్నెల్లు దాటితే తీసుకోరు కదా?"

డాక్టరమ్మ ఆ పిల్ల ఫైలు మూసేసింది. ఆ పిల్ల పెద్దాయన్ని చూసింది.

"తీసుకోరమ్మా," అన్నాడు పెద్దాయన.