ట్రూగా మారిన ఫాల్స్

“నీళ్ళు చల్లగా ఉన్నాయా?” ఇయర్‌పీస్‌లో బాస్ గొంతు.

“చెయ్యి కాలేంత,” అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది.

ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన గ్యాస్ సిలిండర్‌తో అతను డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. డ్యామ్ కింది ఊళ్ళోనే అతని అక్క కాపురం ఉంటోంది.

“మన నెమలి డబుల్ ఏజెంట్,” అన్నాడు బాస్. “కన్సల్టెంట్‌గా వచ్చి గేట్ల ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైన్ ఇరికించింది. ఫాల్స్ ఈక్వల్ టు ట్రూ, అంటే ఇక అబద్ధమే నిజం. మధ్యాహ్నం షిఫ్ట్ మారగానే ప్రోగ్రాం రీస్టార్ట్ అవుతుంది. వరద లేకపోయినా ఉందనే లెక్క. గేట్లన్నీ లేస్తాయి.”

ఫాల్స్, ట్రూ ప్రోగ్రామింగ్ భాషతోపాటే పుట్టిన విలువలు. వాటినెలా మారుస్తారని, తానెవరో చెప్పి, డేగ అక్కడి ఆపరేటర్‌ని అడిగాడు.

“మా దగ్గర నడిచేది ఆ భాష పాత వెర్షన్ బాబూ, అందులో కుదురుతుంది,” అన్నాడు ఆపరేటర్ పెద్దాయన, చెమట తుడుచుకుంటూ. “కొత్తది ఎప్పుడో ఇన్‌స్టాల్ చేశారు. కానీ కింది ఊరి కుళాయిలకు నీళ్ళు వదిలేదీ ఈ ప్రోగ్రామే. నడుస్తున్నదాన్ని ముట్టుకోవడం ఇక్కడి అలవాటు కాదు.”

ప్రోగ్రాం తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఆపబోయినా అదే. నెమలి గట్టి తాళమే వేసింది. గోడ మీద గడియారం పరుగెడుతోంది. అక్క ముఖం డేగ కళ్ళముందు మెదిలింది.

అప్పుడు తట్టింది. ఆమె తాళం వేసింది ప్రోగ్రాంకి. భాషకి కాదు!

గబగబా సెట్టింగ్స్ తెరిచి, పాత వెర్షన్ తీసి కొత్తది ఎంచుకున్నాడు. ఎంటర్ నొక్కడమే తరువాయి.

“చేతులు పైకెత్తు, డేగా.”

ముందు సెంటు వాసన, వెనకే పిస్టల్. మెడలో ముత్యాలతో నెమలి నవ్వుతోంది.

“ఎత్తుతాను. కాస్త చల్లబడు,” అంటూ సిలిండర్ మీట తిప్పాడు. తెల్లటి పొగ ఆమె ముఖాన కొట్టింది. పిస్టల్ గురి తప్పి పేలింది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డేగ ఎంటర్ నొక్కాడు.

మరుక్షణమే షిఫ్ట్ సైరన్ మోగింది. తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: ఎర్రర్. ఫాల్స్‌కి కొత్త విలువ ఇవ్వడం కుదరదు. కొత్త వెర్షన్ ఆ లైన్ చూడగానే మొండికేసింది. ప్రోగ్రాం అసలు మొదలే కాలేదు. గేట్లు కదల్లేదు.

డేగ కుర్చీలో కూలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఫోన్ మోగింది. అక్క!

“ఒరేయ్, మా ఊరి కుళాయిలన్నీ ఉన్నట్టుండి ఆగిపోయాయి. డ్యామ్‌లో ఎవడో ఏదో కెలికాడట. నీకు తెలిసినవాళ్ళుంటే కాస్త గడ్డిపెట్టరా!”

“అలాగే అక్కా. వాడు ఇక్కడే ఉన్నాడు.”