మధులత చూడని లండన్ బేకరీలు

ఆటో మాట్లాడాలి. ఇస్తరాకులు, మంచినీళ్ల క్యాన్లు భద్రాచలం గోదావరి ఒడ్డుకు చేర్చాలి. మధులతకు ఇష్టమైనవన్నీ వండించాలి. ఏడవకూడదు.

చివరిది తప్ప మిగతావన్నీ మధులత తండ్రి చండ్రుగొండ ముత్యాలు అప్పజెప్పిన పనులు. చివరిది జగదీష్ తనకు తానే చెప్పుకున్నది. పదో రోజు కార్యానికి వచ్చిన చుట్టాలకు అతడు కొత్తగూడెం బేకరీలో పనిచేసే పిల్లగాడు, చనిపోయిన అమ్మాయికి తెలిసినవాడు. అంతే.

ఆరు నెలల కిందట ఓ సాయంత్రం మధులత వానలో తడుస్తూ బేకరీలోకి వచ్చి క్రోసాంట్ అడిగింది. జగదీష్ ధీమాగా కర్రీ పఫ్ అందించాడు.

"ఇదేంది?"

"గదే మేడమ్. లోపల ఆలుగడ్డ ఎక్స్‌ట్రా."

ఆమె ఫోన్ తీసి అతని ముక్కు ముందు పెట్టింది. లండన్‌లో తప్పక చూడాల్సిన ఫ్రెంచ్ బేకరీల వీడియో. అద్దాల వెనక వరసగా బంగారు రంగు నెలవంకల్లాంటి క్రోసాంట్లు.

"ఫ్రెంచ్ బేకరీలకు ప్యారిస్ పోవాలె గాని లండన్ ఏంది?"

"ప్యారిస్‌ల మనోళ్లెవరున్నరు? లండన్‌ల మా మేనత్త కొడుకున్నడు. రూమ్ కిరాయి మిగులుతది."

"అంటే... బావనా?"

"ఆయనకు పెండ్లయింది లే. మొహం గట్ల పెట్టకు."

అలా మొదలైంది. తను పనిచేసే ల్యాబ్‌లో డ్యూటీ కాగానే వచ్చి, ఆ వీడియో పెట్టి, "మనం పోయినంక ఫస్ట్ ఈ షాపు" అనేది. "మనం" అన్నప్పుడల్లా జగదీష్ ట్రేలో పఫ్‌లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేవాడు.

అందాకా క్రోసాంట్ తానే చేసి పెడతానన్నాడు. కొత్తగూడెం ఎండకు పిండి మడతల్లో వెన్న కరిగి కారిపోయేది. ప్రతిసారీ బండలాంటి రొట్టె.

"చలికాలం రానీ, చూడు."

"సరే. గప్పుడు క్రోసాంట్ చేతిల పట్టుకొని మా ఇంటికి రా. మా అమ్మకు చెప్తా, నీ గురించి."

చలికాలం కంటే ముందు జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. దవాఖానాలో చేర్చిన వారంలోనే మధులత లేదు.

ఇప్పుడు గోదావరి ఒడ్డున ఇసుకలో, పిట్టకు పెట్టిన ఇస్తరాకు. పులిహోర, కోడికూర, గారెలు. కాకులు రాళ్ల మీద కూర్చుని చూస్తున్నాయే గాని ఒక్కటీ దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో ఆశ మిగిలినట్టే.

"ఇంకేం తక్వైంది బిడ్డా?" తల్లి శోభారాణి గోదావరి వైపు తిరిగి అడుగుతూనే ఉంది.

జగదీష్ సంచిలో పేపర్లో చుట్టిన క్రోసాంట్ ఉంది. ఆ తెల్లవారి చలికి వెన్న కరగలేదు. మొదటిసారి పొరలు విచ్చుకున్నాయి. బయటికి తీస్తే నీకేం సంబంధమని అందరూ అడుగుతారు. తీయకపోతే ఆమె ఆశతోనే పోతుంది.

వెళ్లి ఇస్తరాకులో పెట్టాడు.

"ఏయ్, గిదేం పద్ధతిరా?" ఎవరో గద్దించారు.

"ఆమె అడిగింది. చలికాలం తెమ్మన్నది. తెచ్చిన."

ఒక కాకి దిగింది. కోడికూర దాటి నడిచింది. క్రోసాంట్ కొస పట్టి లాగింది. పొరలు గాలికి లేచి ఇసుక మీద రాలాయి.

శోభారాణి ఇటు తిరిగి అతని దగ్గరికి వచ్చింది.

"నువ్వేనా? చలికాలం ఒకరిని తీస్కొస్తా, తిట్టకే అమ్మా అన్నది. ఎవరో చెప్పలే."

జగదీష్ తల ఊపాడు. నీళ్ల క్యాన్ ఎత్తబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"అవి ఇంకెవరన్న మోస్తరు. నువ్వు మా పక్కన కూసో, అల్లుడా."

పనుల్లో చివరిది మాత్రం జగదీష్ చెయ్యలేకపోయాడు.

మీరెప్పుడైనా లండన్ వెళ్లి ఏదైనా ఫ్రెంచ్ బేకరీ ముందు ఆగితే, మొదటి ముక్క తుంచే ముందు చండ్రుగొండ మధులతను ఒక్కసారి తలుచుకోండి. ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్లాలని ఆమె ఎంతో ఆశపడింది.