రోజుకు నాలుగు తప్పులు

"రెండేళ్ళు! అక్షరాలా రెండేళ్ళు! ఇదిగో, అప్పుడు రాసిన తప్పు... ఇదిగో, మొన్న మంగళవారం రాసిన తప్పు! రెండూ ఒకటే! నీకు బుర్ర లేదా, లేకపోతే మా అమ్మ ప్రాణమంటే లెక్క లేదా?"

ఆడపడుచు రెండు నోటుపుస్తకాలనూ భోజనాల బల్ల మీదికి విసిరికొట్టింది. అందులో ఒకటి జారి, కుట్టుమిషను పక్కన నిలబడిన కోడలి కాళ్ళ దగ్గర పడింది. పేజీ నిండా గుండ్రటి నీలం అక్షరాలు, వాటి మీద వణుకుతూ వంకర టింకరగా ఎర్ర సిరా... కోడలు వంగి ఆ పుస్తకాన్ని తీసి, అరచేత్తో దుమ్ము తుడిచి, గుండెకు హత్తుకుంది.

"కుడిచెయ్యి పడిపోయి, ఎడమచేత్తో అన్నం తినడానికే అవస్థపడుతున్న మనిషి చేత రోజూ గంటసేపు నీ కాపీలు దిద్దిస్తావా? పోనీ, దిద్దించుకున్నందుకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయా అంటే అదీ లేదు! రేపు పొద్దున్న బండికి అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోతున్నా. ఇంక ఈ కథలూ వద్దు, ఈ దిద్దుళ్ళూ వద్దు. హాయిగా పడుకుంటుంది."

"అక్కా, కాస్త నెమ్మదిగా... అమ్మ లోపల పడుకుంది" అన్నాడు భర్త. వాచీలు బాగుచేసే మనిషి. ఆవగింజంత చక్రం పన్ను విరిగితే ఇట్టే పట్టేసే ఆ కళ్ళకు, పక్కనే ఉన్న భార్య ముఖంలో ఏముందో మాత్రం ఏనాడూ సరిగ్గా కనిపించదు. అతను ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగానే... నీకు ఇంకా రాలేదా?"

వచ్చు! అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్కమాట చాలు, ఆడపడుచు నోరు మూతపడుతుంది. కానీ అత్తగారి గది తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆ మాట వినకూడని మనిషి ఆ తలుపు అవతలే ఉంది. "నాకు... తొందరగా ఎక్కదండీ" అంది కోడలు, కళ్ళనీళ్ళు బయటికి రాకుండా కింది పెదవి కొరుక్కుంటూ.

మీరే చెప్పండి, తెలిసి తెలిసి తెలివితక్కువదాన్నని ఒప్పుకోవడం ఎంత కష్టం!

అత్తగారు ముప్పై అయిదేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషి. బడి మొత్తానికీ ఆవిడ 'ఎర్రపెన్ను టీచరమ్మ'. వీధిలో ఆవిడ ఎదురుపడితే, గడ్డాలు మీసాలు వచ్చిన మగాళ్ళు కూడా సిగరెట్టు వెనక్కి దాచేవారు. అలాంటి ఇంటికి, బట్టల దుకాణాల వాళ్ళిచ్చే ప్యాంట్లు కురచ చేసి బతికే పిల్ల కోడలిగా వచ్చింది. "ఇంగ్లీషు ముక్క రాదు, ఈ పిల్లతో నేనేం మాట్లాడతానురా!" అని పెళ్ళయిన వారానికే ఆవిడ కొడుకుతో అనడం కోడలి చెవిన పడింది. అప్పటినుంచీ అత్తాకోడళ్ళ మధ్య మాటలన్నీ "కాఫీ పెట్టనా అత్తయ్యా", "ఊఁ" దగ్గరే ఆగిపోయాయి.

ఆ తరువాత ఆ పాడు మధ్యాహ్నం... అత్తగారు స్నానాల గదిలో కూలబడిపోయింది. ఇంట్లో కోడలు తప్ప ఎవరూ లేరు. ఆస్పత్రిలో ఎవరో హడావుడిగా ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. పైనుంచి కింది దాకా ఇంగ్లీషు! స్ట్రెచర్ మీద అత్తగారు. ఆ కాగితంలోని ప్రతి మాటా తెలిసిన మనిషి నోరు వంకరపోయి, కళ్ళతో మాత్రం కోడలి వైపే చూస్తోంది. ఏముందో తెలియకుండానే, సంతకం పెట్టేసింది కోడలు. ప్రాణం దక్కింది, దేవుడి దయ. కానీ ఆ చూపు మాత్రం ఆమెను వదిలిపెట్టలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. "ఆవిడకి అలవాటైన పని ఏదో ఒకటి రోజూ చేయించండి. చెయ్యీ, మాటా వాటంతటవే దారిలో పడతాయి." అలవాటైన పని! ఆ మర్నాడే కోడలు కొత్త నోటుపుస్తకం కొనుక్కొచ్చి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. "అత్తయ్యా... నాకు ఇంగ్లీషు చెప్తారా?"

అత్తగారు ఆమెనూ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. ఆ తరువాత ఎడమచేత్తో అలమర వైపు చూపించింది. అందులో పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు కథల పుస్తకాలు వరసగా ఉన్నాయి. పద్ధతి కూడా ఆవిడే పెట్టింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. రోజుకొక చిన్న కథ. దాన్ని పది వాక్యాల్లో, సొంత మాటల్లో రాయాలి. సాయంత్రం అయిదింటికి పైకి చదివి వినిపించాలి. రాసేది సిరాపెన్నుతోనే. బాల్ పెన్నుతో చేతిరాత పాడవుతుందట! దాని మీద ఆవిడ ఎడమచేత్తో ఎర్ర సిరా.

మొదటి రోజు పది వాక్యాల్లో ముప్పై రెండు తప్పులు! ఆవిడ ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగు కనిపించింది. అన్నం ఒక ముద్ద ఎక్కువ తింది కూడా. ఇంక కోడలు వెనక్కి తిరిగి చూడలేదు. మిషను తొక్కుతూ మాటలు వల్లెవేసేది, బొత్తాలు కుడుతూ వాక్యాలు కూర్చుకునేది. పేచీ అల్లా కథల దగ్గరే. ఒక కథలో స్టేషన్ మాస్టరు భార్య అలిగి వెళ్ళిపోయి, ఆఖరి రైలుకి తిరిగి వచ్చేస్తుంది. "ఎందుకొచ్చింది అత్తయ్యా? ఆయన క్షమాపణైనా అడగలేదు! నేనైతే రాను" అంది కోడలు. అత్తగారు నవ్వింది! ఒకవైపు మూతి కదలకపోయినా, పగలబడి నవ్వింది. "పది వాక్యాలు... రాయమంటే... పదకొండోది... నీ సొంత గొడవా!" అంది. జబ్బు చేశాక ఆవిడ చివరి దాకా అనగలిగిన పెద్ద మాట అదే.

అలా ముప్పై రెండు పన్నెండయ్యాయి, పన్నెండు అయిదయ్యాయి. ఏడాది గడిచాక ఒకరోజు... ఒక్క తప్పూ లేదు. అత్తగారు పేజీని పైనుంచి కిందికి మూడుసార్లు వెతికింది. ఎర్రపెన్ను గాలిలోనే ఆగిపోయింది. కోడలు పసిపిల్లలా మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది. ఆవిడ మెల్లిగా పెన్నుకి మూత పెట్టింది. "ఇంక... నాతో పని లేదు... నీకు" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మరుసటి మూడు రోజులూ ఆవిడ లేచి కూర్చోలేదు, సరిగ్గా మాట్లాడలేదు.

నాలుగో రోజు కోడలు కథ రాస్తూ రాస్తూ ఆగింది. గబగబా తన పాత పుస్తకం తీసి, మొదటి నెలల్లో తను చేసిన తప్పుల్లోంచి ఓ నాలుగు ఏరి, కొత్త పేజీలో అక్కడక్కడా పెట్టింది. లాగితే ఇట్టే ఊడివచ్చే కచ్చాకుట్టులా. ఆ సాయంత్రం అత్తగారు పెన్ను మూత తీసింది! "ఇదేంటి... ఇది... మళ్ళీ మర్చిపోయావా!" అని కసిరింది. ఆ కసురు వింటే కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పటినుంచీ రోజుకు నాలుగు. ఎక్కువైతే ఆవిడ చెయ్యి అలిసిపోతుంది, తక్కువైతే అనుమానం వస్తుంది. సొంతంగా తప్పులు పుట్టించడం చేతకాక, ఎప్పుడూ ఆ పాత పుస్తకంలోంచే అరువు తెచ్చుకునేది. అదే ఇప్పుడు ఆడపడుచు చేతికి చిక్కింది.

మధ్యాహ్నమంతా ఆడపడుచు తల్లి బట్టలు పెట్టెలో సర్దింది. కోడలు మడతలు అందించింది. మందులు ఏ పూట ఏవో చీటీ రాసిపెట్టింది. శాలువా అందిస్తున్నప్పుడు మాత్రం చెయ్యి వదలలేకపోయింది. "వదినా... సాయంత్రం అయిదింటికి అత్తయ్య చేతికి ఏదైనా పని ఇవ్వండి. ఊరికే పడుకోబెట్టకండి" అంది.

"నాకు చెప్తున్నావా, మా అమ్మని ఎలా చూసుకోవాలో!" అని శాలువా లాక్కుంది ఆడపడుచు.

సరిగ్గా అయిదింటికి లోపలినుంచి పిలుపు వచ్చింది. "కథ... ఏది?"

"కథల్లేవు, ఏమీ లేవమ్మా! రేపు మనం మా ఇంటికి వెళ్ళిపోతున్నాం" అంటూ ఆడపడుచు లోపలికి వెళ్ళింది. వెనకే తమ్ముడూ, ఆ వెనక గుమ్మం దగ్గరే కోడలూ. అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమచేతిలో ఎర్రపెన్ను, మూత తీసే ఉంది.

"అంతా... విన్నాను" అంది ఆవిడ. "ఆ పుస్తకం... ఇటివ్వు. నువ్వు... ఇక్కడ కూర్చో పెద్దమ్మాయ్."

కూతురు కూర్చుంది. ఆవిడ మంగళవారం నాటి పేజీ తీసి, ఒక తప్పు మీద వేలు పెట్టింది. "దీని ముందు... ఏం కనిపిస్తోంది?"

"ఏముంది, సిరా చుక్క."

"ఇక్కడ?"

"చుక్కే."

నాలుగు తప్పులు, నాలుగింటి ముందూ నాలుగు చుక్కలు. మిగిలిన పేజీలో ఎక్కడా చుక్క లేదు.

"ముప్పై అయిదేళ్ళు... పిల్లల తప్పులు చూశానే. తెలియక చేసే తప్పు దగ్గర... చెయ్యి ఆగదు. గబగబా... పోతుంది. ఈ పిల్ల చెయ్యి... ప్రతి తప్పు ముందూ ఆగింది. ఆగిన చోటల్లా... సిరా చుక్క దిగింది. రాయలేక... రాయలేక రాసింది." ఆవిడ తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. "ఏడాదిగా... చూస్తున్నాను."

కోడలు గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. "అత్తయ్యా! మీకు... తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు... ఎందుకు దిద్దారు?"

"చెప్తే... మానేస్తావుగా." ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "గంటసేపు... పక్కన కూర్చుంటావు. కథ చెప్తావు. దెబ్బలాడతావు. తప్పులు లేవని తేలిపోతే... నువ్వింక నా గదిలోకి... ఎందుకొస్తావు? అందుకే... నాకేమీ తెలియనట్టు..."

కోడలు పరుగున వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టి భోరుమంది. "తప్పులుంటేనే వస్తాననుకున్నారా అత్తయ్యా! నేను... నేనేమో తప్పులు లేకపోతే మీరు రానివ్వరనుకున్నాను!" అత్తగారి ఎడమచెయ్యి ఆమె జుట్టులో తిరుగుతోంది, ఎర్రపెన్ను అందులోనే ఉంది. నుదుటి మీద ఒక ఎర్ర గీత పడింది కూడా. వాచీల మనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

ఆడపడుచు మాత్రం పుస్తకంలోని చుక్కల్నే చూస్తూ ఉండిపోయింది. వేలితో వాటిని ఒక్కొక్కటిగా తడిమింది. "నేనూ నీ దగ్గరే చదువుకున్నానమ్మా... నా కాపీ నిండా ఎర్రగీతలే. భయమేసి కాపీలు దాచేసేదాన్ని. ఎనిమిదో తరగతితో ఇంగ్లీషంటేనే అసహ్యం పుట్టింది. ఇవాళ ఈ పుస్తకంలో అదే ఎర్ర సిరా చూస్తే ఒళ్ళు మండిపోయింది... నీ అలసట గురించి అరిచాను గానీ, లోపల మంట వేరే. దీనికి ఇంత ఓపిగ్గా దిద్దావే... నాకెందుకు దిద్దలేదమ్మా?"

ఆ ప్రశ్న వయసు ముప్పై ఏళ్ళ పైమాటే! అత్తగారు కూతురి ముఖంలోకి చూసింది. మాటలు వెతుక్కోవడం జబ్బు వల్లో, బాధ వల్లో తెలియలేదు.

"నీకూ... దిద్దాను తల్లీ. కానీ... ఒక్కరోజూ... నీ కథ వినలేదు. తప్పులే చూశాను. మంచాన పడ్డాకే... వినడం వచ్చింది. నన్ను... క్షమించు."

"ఛ! అవేం మాటలమ్మా!" అంటూ కూతురు తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తరువాత మెల్లిగా మరదలి వైపు తిరిగింది. "నోటికొచ్చినట్టు అన్నానమ్మాయ్... బుర్ర లేదన్నాను..."

"అందులో కొంచెం నిజం ఉందిలెండి వదినా. బుర్ర ఉంటే పాత తప్పులే మళ్ళీ మళ్ళీ పెడతానా? కొత్తవి వెతుక్కునేదాన్నిగా!" అంది కోడలు, ముక్కు ఎగబీలుస్తూ. ఏడుస్తున్న నలుగురూ ఒక్కసారే నవ్వేశారు.

మర్నాడు పొద్దున్న బండి వెళ్ళిపోయింది, ఆడపడుచు వెళ్ళలేదు. పెట్టెలో సర్దిన బట్టలు మళ్ళీ అలమర ఎక్కాయి. ఆవిడ వారం రోజులు ఉండిపోయింది. ఆ మొదటి సాయంత్రమే అయిదింటికి మంచం పక్కన రెండో పీట పడింది. యాభైకి దగ్గరపడుతున్న మనిషి బడిపిల్లలా చేతికి సిరా పూసుకుని, స్టేషన్ మాస్టరు భార్య కథనే రాసుకొచ్చి, తప్పుల తడకగా చదివింది. అత్తగారు మధ్యలో ఆపలేదు. కళ్ళు మూసుకుని చివరి దాకా విన్నది. "వెనక్కి... రావడం... నీకు నచ్చిందా?" అని అడిగింది. "నచ్చిందమ్మా" అంది కూతురు. ఆ తరువాతే పెన్ను మూత తీసింది. పంతొమ్మిది తప్పులు! "అసలైనవి!" అంటూ మురిసిపోయింది టీచరమ్మ, నిధి దొరికినట్టు.

కోడలి వంతు వచ్చింది. ఆ రోజు ఆమె పాత పుస్తకం ముట్టుకోలేదు. వచ్చింది వచ్చినట్టు రాసింది. పేజీ అందించి, ఎర్రపెన్ను వైపే చూస్తూ కూర్చుంది. మెచ్చుకోలు కోసం కాదు... ఆ పెన్నుకి మళ్ళీ మూత పడుతుందేమోనని.

అత్తగారు పేజీ అంతా చదివింది. ఒక్క గీతా గీయలేదు. పేజీ అడుగున మాత్రం ఎడమచేత్తో, నెమ్మదిగా, ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం రాసి పుస్తకం వెనక్కి ఇచ్చింది. కోడలు పైకి చదివింది. ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. "రేపటి కథ ఏది?" అని ఉంది అందులో.

ఆ వాక్యం మొదటి మాట ముందు ఒక ఎర్ర సిరా చుక్క ఉంది.