మొదట మోగే నంబరు

ఆ ఆసుపత్రి నేలమాళిగలో చివరి గది ఉందే, చీకటి పడ్డాక అటువైపు ఎవరూ తొంగి చూడరు. వాచ్‌మన్ తాళం చేతికిస్తాడు తప్ప లోపల కాలు పెట్టడు. "ఆయన ఇంకా డ్యూటీ దిగలేదమ్మా..." అంటాడు గుసగుసగా.

ఆయనంటే ఆ గదిని కంటికి రెప్పలా చూసుకున్న ఇంజనీరు. రోడ్డు ప్రమాదంలో పోయాడు. గదిలో ఉన్నవి జంట నెట్‌వర్క్ స్విచ్‌లు — పైనున్న ఐసీయూ మానిటర్లతో సహా అన్నిటినీ కలిపి ఉంచే పెట్టెలు. ఒకటి పడిపోతే రెండోది బరువంతా ఎత్తుకుంటుంది. వెంటనే ఇంజనీరుకు ఫోన్ మోగుతుంది. ఆయన ఫోన్‌లో ఒకటి అంకె నొక్కితే గదిలోని తెర మీద ఆయన పేరు పక్కన "చూశాను" అని పడుతుంది. నొక్కకపోతే రెండో నంబరుకు మోగుతుంది.

మనిషి పోయాక కూడా "చూశాను" అని పడుతోంది... అదీ అందరి భయం.

ఆ రెండో నంబరు, ఆయన్ని "అన్నా" అని పిలుస్తూ ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిది. ఈ మాటలన్నీ కొట్టిపారేసింది. "దెయ్యాలక్కూడా నైట్ డ్యూటీలు వేస్తున్నారా?" అని నవ్వింది. ఆ రాత్రి పాత కేబుల్ మార్చడానికి ఒంటరిగా దిగేదాకా నవ్వుతూనే ఉంది.

పని సగంలో ఉండగా... ఒక స్విచ్ దీపాలన్నీ టక్కున ఆరిపోయాయి. రెండోది అందుకుంది. ఆమె ఫోన్ మాత్రం మోగలేదు.

తెర మీద ఎర్రగీత. దాని పక్కనే — అన్న పేరు.

"చూశాను."

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ పడితే పైన రోగుల గతేం కాను? వదులైన ప్లగ్గు బిగించి, ఆరిపోయినదాన్ని లేపింది. అప్పుడు అన్న నంబరుకు ఫోన్ చేసింది.

ఎవరో ఎత్తారు. ఊపిరి వినిపిస్తోంది...

"ఎ... ఎవరు?"

"మెల్లగా మాట్లాడమ్మా. వాడు నిద్రపోతున్నాడు."

అన్న తల్లి గొంతు.

"అమ్మా... అన్న..." అంది.



"అలిసిపోయి పడుకునేవాడు తల్లీ. ఇది మోగితే నేనే నొక్కి, వాణ్ణి లేపేదాన్ని. ఇప్పుడూ నొక్కేసి లేపడానికే పోతాను... మంచం దాకా వెళ్తే గానీ గుర్తురాదు."

అమ్మాయికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ నంబరు తీసెయ్యాల్సింది తనే. ఎప్పుడు కూర్చున్నా అన్న పేరు చెరపడానికి చేతులు రాలేదు.

"అమ్మా, మీరు నొక్కితే నాకు మోగదు. ఇక్కడ పైన... చావుబతుకుల్లో ఉన్నవాళ్ళున్నారు."

"అయ్యో! నాకు తెలీదమ్మా. తీసెయ్ తల్లీ. తీసే ముందు ఒక్కసారి మోగించు."

ఫోన్ పెట్టేసి, పరీక్షకోసం ఉత్త అలారం పంపింది. తెరకేసి చూస్తూ నిలబడింది. అక్కడెక్కడో, ఆ ఇంట్లో, అది మోగుతూ ఉంటుంది. అన్న పేరు పక్కన ఖాళీ... ఇంకా ఖాళీ... పెద్దావిడ నొక్కలేదు. చివరిదాకా మోగనిచ్చింది.

అప్పుడు అమ్మాయి చేతిలో ఫోన్ మోగింది. వెక్కివెక్కి ఏడుస్తూనే ఒకటి నొక్కింది.