అరవయ్యో పుస్తకం

"లూకా గారూ, మీ మిషను మళ్ళీ యాభై తొమ్మిదే అంటోంది," అంది రాహేలు నవ్వు ఆపుకుంటూ.

బల్ల మీద అరవై పుస్తకాలు. ఒక్కోదాని లోపల ఒక రేడియో ట్యాగ్. వాటిని చదివే ఈ మిషను, అంటే రీడర్, ఒక్క విడతలో అన్నిటినీ చదివితే నా పని అయిపోయినట్టే. సోమవారం కంపెనీ నన్ను ఇంకో ఊరు పంపుతుంది. రెండువేల ఎనిమిది జూలై, బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీ. బయట వాన.

రాహేలు రోజూ తెనాలి నుంచి ప్యాసింజర్‌లో వచ్చే అసిస్టెంటు. రెండు నెలల్లో నన్ను పేరు పెట్టి పిలిచింది తనొక్కతే. మిగతావాళ్ళకు నేను మిషనబ్బాయిని. రేపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసి స్నేహితులు దొరికారా అంటే, బోలెడుమంది అని అబద్ధం చెప్పి, లాడ్జి గదిలో ఫ్యాను చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి.

"ట్యాగులన్నీ ఒకేసారి మాట్లాడితే ఏది ఏదో మిషనుకెలా తెలుస్తుందండి?" అంది రాహేలు.

"తెలీదండి. అందుకే ఒక్కో ట్యాగు మనసులో ఒక అంకె అనుకుంటుంది. ఆ అంకె పిలిచినప్పుడు తన నంబరు చెప్పి ఊరుకుంటుంది."

"రెండూ ఒకే అంకె అనుకుంటే?"

"దేని మాటా వినపడదు. ఆ రెండూ మళ్ళీ అనుకోవాలి. అన్నీ పలికేదాకా రీడర్ అడుగుతూనే ఉంటుంది."

"మంచి మిషనే. నన్ను మా ఇంట్లో ఎవరూ అన్నిసార్లు అడగరు."

మళ్ళీ నొక్కాను. యాభై తొమ్మిదే. పొద్దుట్నుంచీ యాంటెన్నా అటూ ఇటూ జరుపుతున్నానేగానీ, పుస్తకాలు చేత్తో లెక్కపెట్టాలని తోచలేదు. లెక్కపెట్టాను. ఉన్నవే యాభై తొమ్మిది!

రాహేలు తల దించుకుని తన స్టీలు టిఫిన్ బాక్సు మూత తీసింది. లోపల, కొబ్బరి తోటల పెంపకం గురించిన చిన్న పుస్తకం. స్టీలు డబ్బాలోంచి ట్యాగు మాట బయటికి రాదని తనకు చెప్పింది నేనే.

"ఎందుకండి ఇలా?"

"పనైపోతే వెళ్ళిపోతారుగా. మీరొచ్చాకే ఈ హాల్లో నాకు మాట్లాడే మనిషి దొరికింది."

కోపం రాలేదు. ఏడుపొచ్చినంత పనయింది. నేను లేకపోతే బెంగపడే మనిషి ఈ ఊళ్ళో ఒకరున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

పుస్తకం బల్ల మీద పెట్టి బటన్ నొక్కాను. అరవై. ఆమె ముఖం పాలిపోయింది.

"ఆదివారం ఏ చర్చికి వెళ్తారండి?"

"ఎందుకూ? తెనాల్లో మీకేం పని?"

"పనేం లేకుండానే వస్తాను. మీరంటే ఇష్టమని మీ నాన్నగారితో చెప్పాలి."

"ముందు నాకు చెప్పాలి కదా!" అంది.

చెప్పాను.