వేళ్ళమూల

సగం కట్టి ఉన్న ఆ బిల్డింగులో, మెట్లగోడ వెనకాల ఒక మూల ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్ళమంటే ఎంత మొనగాడికైనా కడుపునొప్పి వచ్చేది. దాని పేరు వేళ్ళమూల. క్రేను దించే సిమెంటు పలకని చేత్తో సర్దబోయి అక్కడ ఇద్దరు వేళ్ళు పోగొట్టుకున్నారు. ఆ వేళ్ళ కోసం ఏదో తిరుగుతోందని... రాత్రిళ్ళు ఇనుము మీద కొడుతోందని... చెప్పుకునేవాళ్ళు.

ఈ సంగతి నాకు చెప్పింది మా బాబాయి. ఆ క్రేను నడిపేది ఆయనే.

మొదట చెయ్యి నలిగింది పొడుగక్కది. పలకలకి గొలుసులు బిగించే పని ఆమెది. మనిషి తాటిచెట్టంత ఉంటుందని ఆ పేరు. ఆ రోజు పలక దిగుతూ దిగుతూ గిర్రున తిరిగింది. ఆపుదామని చెయ్యి అడ్డం పెట్టింది. పలకకీ గోడకీ మధ్య... రెండు వేళ్ళు.

పలకకి తాళ్ళు కట్టిస్తే దూరంగా నిలబడి తిప్పుకోవచ్చని బాబాయి మేనేజరు దగ్గర మొత్తుకున్నాడు. తాళ్ళు కడుతూ కూర్చుంటే పని సాగదన్నాడు మేనేజరు. తప్పంతా పొడుగక్కదేనని ఆమెని పంపేశాడు. ఆమె చోట ఇంకొకణ్ణి నిలబెట్టాడు. నెల తిరక్కుండా వాడి బొటనవేలూ పోయింది.

ఆ తర్వాతే మొదలైంది చప్పుడు.

టంగ్... టంగ్...

రాత్రి పనివాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. తెల్లటిదేదో కదలడం చూశానన్నాడు ఒకడు. ఇంకొకడు జ్వరం తెచ్చుకున్నాడు. ఆ మూలలో పలక దించడానికి మనిషే దొరకలేదు.

ఒక రాత్రి బాబాయి పైన క్యాబిన్‌లో ఒంటరిగా ఉన్నాడు. కింద చప్పుడు. తొంగి చూస్తే — తెల్లగా ఏదో గాల్లో ఊగుతోంది.

"పారిపోదామనిపించలేదా బాబాయ్?"

"అనిపించింది. కానీ ఆ పలకలు దించింది నా క్రేనే కదరా. దానికి కక్షంటూ ఉంటే నా మీదే ఉండాలి. తేల్చుకుందామని దిగాను."

టార్చి వెయ్యలేదు. గోడ తడుముకుంటూ నడిచాడు. చప్పుడు దగ్గరైంది... ఇంకా దగ్గరైంది... ఆగిపోయింది.

చీకట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఎవరది?" అని అరిచాడు బాబాయి.

"మెల్లగా తమ్ముడూ... వాచ్‌మన్ లేస్తాడు."

టార్చి వేశాడు. ఒక చేతికి తెల్లటి కట్టు, రెండో చేతిలో ఇనప గొట్టం — పొడుగక్క.

"నువ్వా అక్కా... ఎందుకిలా?"

"మనిషిగా చెప్పాను, వినలేదు. నువ్వు చెప్పావు, వినలేదు. దెయ్యం చెప్తే వింటున్నారుగా. ఈ చప్పుడు మొదలయ్యాక ఇక్కడ ఒక్కడైనా చెయ్యి పెట్టాడా?"

"దొరికితే పోలీసులకి పట్టిస్తారు."

"పట్టించనీ. దెయ్యం వేషం ఎందుకేశావని వాళ్ళు అడుగుతారు కదా. అప్పుడు చెప్తాను, వేళ్ళెలా పోయాయో."

బాబాయి ఆ గొట్టం అందుకున్నాడు. లాక్కుంటున్నాడేమోనని ఆమె పిడికిలి బిగించింది.

"నీ చెయ్యి ఇంకా మానలేదు, కూర్చో" అన్నాడు. "ఇవాళ నేను కొడతాను."

మర్నాడు మేనేజరు పిలిపించాడు. పనివాళ్ళంతా గుమ్మం బయట మూగారు.

"రాత్రంతా పైనే ఉన్నావట. నిజం చెప్పు... ఏమైనా కనబడిందా?"

"కనబడింది సార్. మాట్లాడింది కూడా."

మేనేజరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఏమంది?"

"తాళ్ళు వచ్చేదాకా ఈ సైటు వదలనంది సార్."

ఆ వారంలోనే తాళ్ళు వచ్చాయి. చప్పుడు ఆగిపోయింది.

పొడుగక్క మాత్రం ఆగలేదు. తన పని తనకిమ్మని ఇప్పుడు పట్టపగలే వస్తోంది. గేటుకి ఎదురుగా స్టూలు వేసుకుని, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. మేనేజరు వెనకవైపు కంచె సందులోంచి లోపలికి వస్తున్నాడట.