బ్యారన్‌లో కన్నీళ్లు

"జేసీబీ రేపొస్తుందండీ. కొలతలేవో ఇవాళే తీసుకోండి," అన్నాడు చైతన్యకృష్ణ.

మార్టూరు దగ్గర వాళ్ల పొలంలో ముత్తాత కట్టించిన, పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ ఉంది. పక్కనే మోటబావి, దాని మీద తుప్పు పట్టిన ఇనుప గిలక. పొగాకు మానేశాక బ్యారన్‌లో మిర్చి బస్తాలు వేస్తున్నారు. దాన్ని కూల్చి రేకుల షెడ్డు వేయాలని చైతన్య పట్టుదల. పాత కట్టడాలంటే ప్రాణం పెట్టే ఆర్కిటెక్ట్ శ్రీరమ్య, కూల్చొద్దని చెప్పడానికే గుంటూరు నుంచి వచ్చింది.

"ఇంత మందం గోడలు మళ్లీ కట్టగలరా?"

"మిరపకాయలకి అంత మర్యాద దేనికండీ?"

ఆమె విసురుగా టేపు పట్టుకుని లోపలికెళ్లింది. పది నిమిషాల్లో ఎర్రటి ముక్కుతో, ధారలు కట్టిన కళ్లతో బయటపడింది. క్యారేజీ తెచ్చిన నాయనమ్మ వెంకటేశ్వరమ్మ అప్పుడే చూసింది.

"ఏరా! గోడలు పడగొడతానని పిల్లని ఏడిపించావా?"

"అది మిర్చి ఘాటు నాయనమ్మా..."

"నోర్ముయ్! ఏమ్మా, ఏమన్నాడు?"

"ఏం లేదులెండి మామ్మగారూ," అని శ్రీరమ్య ఇంకోసారి ముక్కు ఎగబీల్చింది.

అమ్మ దొంగా, అనుకున్నాడు చైతన్య. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.

నాయనమ్మ మాటతో జేసీబీ వారం వాయిదా పడింది. శ్రీరమ్య రోజూ వచ్చింది. గిలకకు నూనె పోయించి, అది కీచుమంటూ తిరిగితే చప్పట్లు కొట్టింది. మూడో రోజుకే చైతన్య బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీకి పంపేశాడు. పురుగు పడుతుందని ఇంట్లో బుకాయించాడు.

చివరి రోజు వాన పట్టుకుంది.

"డ్రాయింగులు అయిపోయాయండీ. ఇక రానక్కర్లేదు," అని చివరిసారి లోపలికెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఘాటు," అంది, తల తిప్పుకుని.

"లోపల ఒక్క మిరపకాయ కూడా లేదండీ. మూడుసార్లు కడిగించాను."

ఆమె దొరికిపోయింది.

"బ్యారన్ కూల్చను. మీరు మాత్రం వెళ్లొద్దండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఆ మాట అనడానికి వారం పట్టిందా?" అంటూ ఆమె ఏడుస్తూనే నవ్వింది.

గొడుగేసుకుని వచ్చిన వెంకటేశ్వరమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఏరా, మళ్లీ ఏడిపించావా?"

"ఈసారి నిజంగానే ఏడిపించాడు నాయనమ్మా!"

మామ్మగారు నాయనమ్మ అయిందని పెద్దావిడ పట్టేసింది.

"అయితే ఆ జేసీబీ వాణ్ణి రావద్దనరా. అమ్మాయి వాళ్ల నాన్నగారిని రమ్మను."